ఆరిన వెలుగు, ఆరని రేడియం

తెలుగునాట ఏ పట్టణమునకు పోయినను మోటారు బండ్లకు నెంబరు పలకలు తయారుచేయు దుకాణము ఒకటైనను కనబడును. దాని బోర్డుమీద “రేడియం స్టిక్కర్లు” అని వ్రాసి యుండును. నిజమునకు ఆ దుకాణములో రేడియం అణుమాత్రమైనను ఉండదు. అచట అమ్మెడి పలుచని రేకులు తమపై బడిన దీపపు కాంతిని వచ్చిన దిక్కునకే మరలించును. అంతకు మించిన మహిమ వాటికి లేదు. అయినను చీకటిలో మెరయు ప్రతి వస్తువును “రేడియం” అని పిలుచుట జనులకు వాడుకైపోయినది.

ఈ వాడుక ఊరక పుట్టలేదు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున గడియారపు అంకెలను, ముళ్ళను చీకటిలో వెలిగించినది నిజముగా రేడియమే. నీటి అడుగున ఈదువారికై తయారైన చేతి గడియారములలో ఈ పూతకు మరింత ప్రాముఖ్యము కలిగినది. ఆ గడియారములు నేడు ముసలివైనవి. వాటి తెల్లని పూత కొన్నింట మీగడ రంగునకు, కొన్నింట తేనె రంగునకు, మరికొన్నింట మాడిన రొట్టె రంగునకు తిరిగినది. చీకటి గదిలోనికి కొనిపోయినచో వాటిలో పెక్కు వెలుగవు. వెలుగు ఆరినది గనుక రేడియం కూడ ఆరిపోయి యుండునని తలచుట సహజము. కాని అది పొరపాటు. ఆ పూతలో వెలుగునిచ్చు పదార్థము వేరు, దానికి శక్తినిచ్చు పదార్థము వేరు. ఒకటి వత్తి వంటిది, రెండవది నూనె వంటిది. ఈ రెండును ఒకేమారు ముసలివి కావు. ప్రాత గడియారపు కథ అంతయు ఇందులోనే ఉన్నది.

పగటి వెలుగును దాచుకొను రాళ్ళు

వెలిగెడి రాళ్ళపై మనుష్యునికి గల మోజు రేడియం కంటె చాల ప్రాతది. 1603 ప్రాంతమున ఇటలీ దేశములోని బొలోన్యా నగరమున విన్చెన్జో కాష్యరోలో అను చెప్పులు కుట్టువాడు ఉండెను. రసవాదమందు అతనికి ఆసక్తి మెండు. సమీపపు కొండనుండి తెచ్చిన ఒక బరువైన రాతిని బొగ్గుతో కలిపి కాల్చగా, ఆ రాయి పగలు ఎండలో ఉంచిన తరువాత చీకటిలో నిప్పు కణికవలె వెలుగసాగెను. ఆ రాయి బేరియం సల్ఫేటు. బొగ్గుతో కాలినపుడు అది బేరియం సల్ఫైడుగా మారినది. 1866 లో ఫ్రెంచి రసాయనవేత్త థియొడోర్ సిడో, ఇట్టి గుణమే గల జింకు సల్ఫైడు స్ఫటికములను తయారుచేసెను. 1877 లో ఇంగ్లండున బాల్మెయిన్ అనునతడు కాల్షియం సల్ఫైడుతో వెలిగెడి రంగును చేసి పేటెంటు పొందెను.

ఈ పదార్థములన్నింటికి ఒకే కొరత ఉండెను. అవి తమంత తాము వెలుగజాలవు. ఆవు పగలు మేసిన మేతను రాత్రి నెమరు వేసినట్లు, అవి పగలు గ్రహించిన వెలుగును చీకటిలో కొంతసేపు విడిచి ఊరకుండును. వెలుగు సోకినపుడు స్ఫటికములోని ఎలక్ట్రానులు కొన్ని తమ స్థానములనుండి లేచి, స్ఫటికమందలి లోపములలో చిక్కుకొనును. పరిసరముల వెచ్చదనమువలన అవి మెల్లమెల్లగా విడివడి స్వస్థానములకు వచ్చునపుడు, అందలి శక్తి కాంతిగా వెలువడును. చిక్కుకొన్న ఎలక్ట్రానులన్నియు విడిపోయిన పిమ్మట వెలుగు ఆగిపోవును. ఆనాటి రంగులలో ఈ వెలుగు రాత్రి తెల్లవార్లు నిలుచునది కాదు. వత్తి ఉన్నది, రాత్రి అంతయు చాలెడి నూనె లేదు.

నూనె దొరికినది

1898 డిసెంబరులో పారిసు నగరమున మేరీ క్యూరీ, పియర్ క్యూరీ దంపతులు, వారి సహచరుడు గుస్తావ్ బెమాఁ రేడియమును కనుగొన్నట్లు ప్రకటించిరి. ఈ లోహపు పరమాణువులు ఎవరి ప్రమేయమును లేకయే ఒకటి తరువాత ఒకటి విచ్ఛిన్నమగుచుండును. విచ్ఛిన్నమైన ప్రతి పరమాణువునుండి ఆల్ఫా కణము ఒకటి మహావేగముతో వెలువడును. ఒక మైక్రోగ్రాము రేడియంలో, అనగా గ్రాములో పదిలక్షవ వంతులో, సెకనుకు సుమారు 37,000 పరమాణువులు ఈ విధముగా విచ్ఛిన్నమగును.

1902 లో అమెరికా ఇంజనీరు విలియం హామర్ పారిసునుండి తెచ్చుకొన్న రేడియం లవణమును జింకు సల్ఫైడుతోను, వార్నీషుతోను కలిపి, ఎండతో నిమిత్తము లేకుండ వెలిగెడి రంగును తయారుచేసెను. 1903 లో ఇంగ్లండున సర్ విలియం క్రూక్స్ ఒక చిన్న గొట్టము అడుగున జింకు సల్ఫైడు తెరనుంచి, దానికి ఎదురుగా రేడియం లేశమును అమర్చి, పైన భూతద్దమును బిగించెను. చీకటిలో ఆ అద్దముగుండ చూచిన, తెరపై వేలకొలది నిప్పురవ్వలు క్షణక్షణము పుట్టి చచ్చుచున్నట్లు కనబడెను. ఒక్కొక్క రవ్వ ఒక్కొక్క ఆల్ఫా కణము తాకిన గుర్తు. దూరమునుండి చూచునపుడు ఈ రవ్వలన్నియు కలసిపోయి ఎడతెగని లేత వెలుగుగా కనిపించును. రేడియం గడియారపు వెలుగు ఇదియే. జింకు సల్ఫైడులో లేశమాత్రము రాగి చేర్చినచో వెలుగు పచ్చగాను, వెండి చేర్చినచో నీలముగాను ఉండును. చీకటిలో మనుష్యుని కంటికి పచ్చని వెలుగు సులభముగా ఆనును గనుక గడియారములకు రాగి చేర్చినదియే ఎక్కువగా వాడిరి.

రేడియం మిక్కిలి వెలగలది. 1921 లో అమెరికా మహిళలు చందాలు పోగుచేసి మేరీ క్యూరీకి కానుక ఇచ్చిన ఒక్క గ్రాము వెల లక్ష డాలర్లు. అయినను ఒక గడియారమునకు కావలసినది మైక్రోగ్రాములో కొద్ది భాగము మొదలు కొద్ది మైక్రోగ్రాముల వరకే. అందుచే ఒక గ్రాము రేడియం లక్షలకొలది గడియారములకు సరిపోయెను. ఖర్చు ఇంకను తగ్గించుటకై అమెరికాలో కొందరు రేడియంకు బదులు మెసోథోరియమును కూడ కలిపిరి. గ్యాసు దీపపు మాంటిళ్ళకు కావలసిన థోరియం కొరకు మోనజైటు ఇసుకను శుద్ధి చేయునపుడు మిగులు పదార్థమునుండి ఇది లభించెడిది. కేరళ తీరమునను, ఆంధ్ర తీరమున భీమునిపట్నము వద్దను ఉన్న ఇసుకలలో మోనజైటు కలదు.

పెదవుల మీది కుంచె

మొదటి ప్రపంచ యుద్ధమున కందకములలోని సైనికులకు చీకటిలో కాలము చూచుకొనవలసిన అవసరము కలిగినది. అగ్గిపుల్ల గీచినచో శత్రువు గురిపెట్టును. అందువలన వెలిగెడి గడియారములకు గిరాకీ పెరిగినది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమందలి ఆరెంజి పట్టణమున 1917 లో ఒక కర్మాగారము వెలసెను. 1921 నుండి దానికి యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్ అని పేరు. సేబిన్ ఫాన్ సొచాకీ అను వైద్యుడు తయారుచేసిన రంగును అచట యువతులు గడియారపు డయళ్ళపై అద్దెడివారు. కనెక్టికట్ రాష్ట్రములోని వాటర్‌బరీలోను, ఇల్లినాయి రాష్ట్రములోని ఆటవాలోను కూడ ఇట్టి పనిశాలలు ఉండెను.

అంకెలు సన్ననివి. కుంచె మొన వెంట్రుకవలె ఉండవలెను. అందుకై కుంచెను పెదవుల మధ్య పెట్టి మొనదేర్చుకొనుమని పనివారికి నేర్పిరి. డయలు డయలుకును కుంచె నోటికి పోయెడిది. ప్రతిసారియు కొంత రేడియం కడుపులోనికి దిగెడిది. రసాయన గుణములలో రేడియం కాల్షియంకు దగ్గర చుట్టము. శరీరము దానిని కాల్షియమే అనుకొని ఎముకలలో చేర్చుకొనును. అచట చేరిన రేడియం బయటకు రాదు. దినదినము ఆల్ఫా కణములతో ఎముకను లోపలినుండి తొలుచుచుండును. ఆల్ఫా కణమునకు దూరము పోవు శక్తి లేదు. కాగితము చాలును దానిని ఆపుటకు. కాని ఎముకలోనే కూర్చుండి విడిచినపుడు దానికి అడ్డమేది?

పనివారికి పండ్లు ఊడినవి, దవడ ఎముకలు కుళ్ళినవి, రక్తము క్షీణించినది. 1922 లో అమీలియా మేజియా అను యువతి మరణించగా, ఆమె రోగము మరియొకటియని వైద్యులు వ్రాసిరి. 1925 లో ఆ ప్రాంతపు ప్రభుత్వ వైద్య పరీక్షకుడు హారిసన్ మార్ట్‌లండ్ ఈ రోగమునకును రేడియంకును గల సంబంధమును బయటపెట్టెను. 1927 లో అమీలియా మేజియా దేహమును సమాధినుండి వెలికి తీసి పరీక్షింపగా, ఆమె ఎముకలు ఇంకను రేడియో ధార్మికతను వెలువరించుచుండెను. ప్రాణము పోయి ఐదేండ్లు గడచినను రేడియం తన పని మానలేదు.

అదే సంవత్సరము గ్రేస్ ఫ్రయర్, మరి నలుగురు స్త్రీలు కంపెనీపై వ్యాజ్యము వేసిరి. 1928 జూనులో రాజీ కుదిరి ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏటేట 600 డాలర్ల భత్యము, వైద్యపు ఖర్చులు ఇచ్చుటకు కంపెనీ ఒప్పుకొనెను. ఆ రంగును తయారుచేసిన ఫాన్ సొచాకీయే అదే ఏడు నవంబరులో రక్తక్షీణతతో చనిపోయెను. ఇల్లినాయిలో కాథరిన్ వుల్ఫ్ డొనహ్యూ అను కార్మికురాలు మరణశయ్యపైనుండియే సాక్ష్యమిచ్చి 1938 లో తన కేసు గెలిచి, ఆ సంవత్సరమే కన్నుమూసెను. మనుష్యుని శరీరమున చేరదగిన రేడియంకు 1941 లో అమెరికాలో 0.1 మైక్రోక్యూరీ హద్దుగా నిర్ణయించిరి. ఈ స్త్రీల శరీరములలో జరిగిన కొలతలే ఆ హద్దునకు ఆధారము.

నీటి అడుగున కాలము

ఇదంతయు తెలిసిన తరువాతకూడ రేడియం పూత నిలిచిపోలేదు. కుంచెను నోట పెట్టుకొను పద్ధతి పోయినది, పూత మిగిలినది. అది లేక జరుగని పనులు కొన్ని ఉండుటయే దీనికి కారణము. వానిలో నీటి అడుగున ఈదుట ఒకటి.

ఇటలీలో ఫ్లారెన్సు నగరమందలి పనెరాయి సంస్థ రేడియం పూతకు “రేడియోమిర్” అని పేరిడినది. 1930 తరువాత ఇటలీ నౌకాదళపు గజ ఈతగాండ్రకు ఈ పేరుతోనే పెద్ద గడియారములను అందించెను. ఆ గడియారములకు పై డయలులో అంకెల ఆకారమున రంధ్రములు కోసి, క్రింది పళ్ళెమునందు పూతను దట్టముగా నింపెడివారు. పై రంధ్రములనుండి వెలుగు కనబడును. 1941 డిసెంబరు 18 రాత్రి ఆరుగురు ఇటాలియను ఈతగాండ్రు మూడు నడుపుడు టార్పిడోలపై అలెగ్జాండ్రియా రేవులోనికి దూరి, వేలియంట్, క్వీన్ ఎలిజబెత్ అను రెండు బ్రిటిషు యుద్ధనౌకలను దెబ్బతీసిరి. అర్ధరాత్రి, నీటి క్రింద, నిర్ణీత సమయమునకు ప్రేలెడి మందుగుండుతో పనిచేయువారికి గడియారము అలంకారము కాదు.

యుద్ధము తరువాత గాలి సీసాను వీపున కట్టుకొని మునుగు పద్ధతి వ్యాపించినది. సీసాలోని గాలి ఇన్ని నిమిషములకే చాలునని లెక్క ఉండును. లోతునుండి పైకి వచ్చునపుడు నడుమ ఎంతసేపు ఆగవలెనో కూడ నిమిషముల లెక్కయే. ఆగకుండ వచ్చినచో రక్తమున నత్రజని బుడగలు కట్టి ప్రాణమునకే ముప్పు. 1953 లో స్విస్ సంస్థ బ్లాంక్‌పాఁ “ఫిఫ్టీ ఫాదమ్స్” అను గడియారమును చేసెను. ఆ పేరునకు ఏబది బారల లోతు, అనగా సుమారు 91 మీటర్లు అని అర్థము. ఫ్రెంచి సైన్యపు గజ ఈతగాండ్రకు అధికారులైన మాలూబియే, రిఫో కోరిన లక్షణములు అందులో ఉండెను: నల్లని డయలు, పెద్ద అంకెలు, దట్టమైన వెలుగు పూత, చుట్టును తిరుగు అంచు. మునుగుటకు ముందు ఆ అంచుమీది గుర్తును నిమిషపు ముల్లునకు ఎదురుగా త్రిప్పి ఉంచిన, గడచిన నిమిషములు ఒక్క చూపులో తెలియును. అదే సంవత్సరము రోలెక్సు సంస్థ “సబ్‌మెరీనర్”ను తయారుచేసెను. 1957 లో ఒమేగా “సీమాస్టర్ 300” వెలువడెను.

లోతునకు పోవుకొలది సూర్యకాంతిలోని ఎరుపు మొదట మాయమగును. పిమ్మట నారింజ, పసుపు రంగులు తగ్గును. నీలము, పచ్చ మిగులును. మురికి నీటిలోను, ఓడల అడుగునను అదియును ఉండదు. అట్టిచోట ఈతగానికి కనబడునది చేతిమీది పచ్చని చుక్కలు మాత్రమే. ఆ చుక్కలను నమ్మి అతడు తన శ్వాసను లెక్కపెట్టుకొనును.

వత్తి ముందు మాడిపోవును

ఇట్టి గడియారము డెబ్బది ఏండ్ల తరువాత ఎందుకు వెలుగదు? రేడియం తరిగిపోయినదందురా? రేడియం అర్ధజీవితము సుమారు 1600 సంవత్సరములు. అనగా ఎంత రేడియం ఉన్నను అందు సగము తరుగుటకు అంతకాలము పట్టును. డెబ్బది ఏండ్లలో తరుగునది నూటికి మూడు పాళ్ళే. తక్కిన 97 పాళ్ళు డయలుమీద అట్లే ఉన్నవి. నూనె ఇంచుమించు నిండుగనే ఉన్నది.

చెడినది వత్తి. ఆల్ఫా కణము మిక్కిలి బరువైనది. సుమారు 48 లక్షల ఎలక్ట్రాను వోల్టుల శక్తితో స్ఫటికమును తాకును. కాంతి పుట్టుటతో పాటు, అది పోయిన దారిలోని పరమాణువులు తమ స్థానములనుండి తొలగిపోవును. ఒక మైక్రోగ్రాము రేడియం సంవత్సరమున లక్ష కోట్లకు మించిన దెబ్బలు కొట్టును. రేడియంనుండి పుట్టిన రేడాను, పొలోనియం మొదలగు సంతతి కొట్టెడి దెబ్బలు దీనికి అదనము. వెలుగునిచ్చు కేంద్రములు ఒక్కొక్కటిగా నాశనమగును. ఆల్ఫా కణములే వెలుగును పుట్టించి ఆ వెలుగునకు చోటైన కేంద్రములను కూల్చుచున్నవని 1910 లోనే రూథర్‌ఫర్డు సిద్ధాంతము చేసెను. రంగును ఎంత ప్రకాశవంతముగా చేయదలచి రేడియం ఎక్కువ కలిపిన, అది అంత త్వరగా మాడిపోవును. ఎక్కువ వెలుగు తక్కువ ఆయుస్సు.

పూతను పట్టియుంచు జిగురు కూడ ఈ కణముల తాకిడికి చెడి, పసుపుబారి, గోధుమరంగు దాల్చి, పెళుసెక్కి పొడిరాలును. కొన్ని గడియారములలో ముల్లు ఏండ్ల తరబడి ఒకచోట నిలిచిపోయి యుండును. అపుడు దాని క్రింది డయలుమీద ముల్లు ఆకారముననే కమిలిన మచ్చ ఏర్పడును. వెలుగు కనబడకున్నను కిరణములు పనిచేసినవనుటకు ఆ మచ్చయే సాక్ష్యము. మునుగు గడియారములలో దీనికి తోడు రబ్బరు బిగింపు ముసలిదై తేమ లోపలికి దూరును. తేమ సోకిన జింకు సల్ఫైడు వెలుతురునకు నల్లబారును.

నూనె ఇంకిపోవు పూత

1960 తరువాత గడియారపు సంస్థలు రేడియంను విడిచి ట్రిటియం వైపు మరలినవి. ట్రిటియం జలవాయువుయొక్క రేడియో ధార్మిక రూపము. దానినుండి వెలువడునది ఆల్ఫా కణము కాదు. బీటా కణము, అనగా ఎలక్ట్రాను. దాని శక్తి సగటున 5,700 ఎలక్ట్రాను వోల్టులే. అది గడియారపు గాజును గాని, మనుష్యుని పైచర్మమును గాని దాటజాలదు. 1967 లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వెలిగెడి గడియారములకు భద్రతా ప్రమాణములను ప్రకటించెను. ఆ కాలపు డయళ్ళ అడుగున “స్విస్” అను మాట ప్రక్కన రోమను లిపిలో “టి” అను అక్షరము కనబడును. దానిని అనుసరించి “25 కంటె తక్కువ” అను గుర్తు ఉన్నచో, అందలి ట్రిటియం 25 మిల్లీక్యూరీలకు లోపని అర్థము. బ్రిటిషు సైన్యపు మునుగు గడియారములపై ఈ అక్షరమును సున్నలో చుట్టి ముద్రించిరి. బ్లాంక్‌పాఁ సంస్థ కొన్ని గడియారములపై రేడియో ధార్మిక చిహ్నమును కొట్టివేసి, కిరణములు లేవని డయలుమీదనే ప్రకటించుకొనెను. రేడియం పేరు విని కొన్నవారే, దాని పేరు విని భయపడు కాలము వచ్చినది.

ట్రిటియం కథ రేడియం కథకు తలక్రిందులు. దాని అర్ధజీవితము 12.3 ఏండ్లు మాత్రమే. పాతికేండ్లకు నాలుగవ వంతు, ముప్పది యేడేండ్లకు ఎనిమిదవ వంతు, ఏబది ఏండ్లకు నూటికి ఆరు పాళ్ళు మిగులును. ఎలక్ట్రాను దెబ్బ తేలికైనదగుటచే స్ఫటికము రేడియం పూతలోవలె మాడదు. అయినను అదియును, జిగురును కొంత చెడును. పూత మీగడ రంగునకు, గుమ్మడి రంగునకు తిరుగుట ఇందువలననే. మొత్తముమీద ఇచట వత్తి కొంత మిగిలియుండగా నూనె ఇంకిపోవును.

కనుక చీకటిలో రెండు గడియారములు సమానముగా నల్లగా ఉన్నను, ఆ నలుపు ఒకటి కాదు. ఒకదానిలో రేడియం చిరంజీవిగా ఉన్నది. రెండవదానిలో ట్రిటియం ఇంచుమించు అంతరించినది. కంటికి ఈ భేదము కనబడదు. గైగరు పరికరమును గాజుమీద పెట్టిన తెలియును. రేడియం సంతతినుండి వెలువడు గామా కిరణములు గాజును దాటి వచ్చి పరికరమును టకటకలాడించును; ట్రిటియం గడియారముముందు పరికరము ఊరకుండును. అతినీల లోహిత దీపమును చూపినను కొంత ఆచూకీ దొరకును. రేడియంచే మాడిన పూత సాధారణముగ మందముగా స్పందించి, దీపము తీయగనే ఆరును. ట్రిటియం పూత ప్రకాశించి, దీపము తీసిన కొద్దిసేపటికి సన్నగిల్లును. నేటి కొత్త పూత గంటలకొలది వెలుగుచునే ఉండును.

ఎండ పోసిన నూనె

ఆ కొత్త పూత 1993 లో జపానులో పుట్టినది. నెమోతో సంస్థవారు స్ట్రాంషియం అల్యూమినేటు అను పదార్థమున యూరోపియం, డిస్ప్రోషియం అను లోహముల లేశములను చేర్చి “లూమినోవా” అను పూతను చేసిరి. ఇందు రేడియో ధార్మికత లేదు. కాష్యరోలో రాతివలె ఇదియును పగలు మేసి రాత్రి నెమరువేయునదే. భేదమేమనగా, ఎలక్ట్రానులను పట్టియుంచు దీని పట్టు లోతైనది. కొద్ది నిమిషములు వెలుగు చూపిన, రాత్రి పొడుగున సన్నని వెలుగును విడుచును. 1998 ప్రాంతమునకు స్విస్ గడియారములలో పెక్కు ఈ జాతి పూతకు మారినవి. అనగా నాలుగు వందల ఏండ్లు తిరిగి, రంగులు చేయు విద్య బయలుదేరినచోటికే వచ్చినది. చేతిలో మెరుగైన రాయితో వచ్చినది.

ఈ పూతలో నూనె ప్రతిదినము ఎండే పోయును గనుక ఇంకిపోదు. వత్తిని మాడ్చు ఆల్ఫా కణమును లేదు. దీని శత్రువు నీరు. స్ట్రాంషియం అల్యూమినేటు తేమ తగిలిన క్రమముగా విడిపోయి వెలుగు కోల్పోవును. అందుచే నీటిలో మునుగు గడియారములలోనే దీనిని నీటినుండి మిక్కిలి భద్రముగ కాపాడవలెను. ట్రిటియం కూడ పూర్తిగా పోలేదు. లోపల పూత పూసిన సన్నని గాజు గొట్టములలో ట్రిటియం వాయువును బంధించి కొన్ని గడియారములందు నేటికిని అమర్చుచున్నారు.

ప్రాత గడియారముతో మెలగు విధము

ప్రాత మునుగు గడియారములను సేకరించువారు ఈ కాలమున పెక్కుమంది. వారికి డయలుమీది మీగడ రంగు అందము. అంకెలు, ముళ్ళు ఒకే ఛాయలో ముసలివైన గడియారమునకు వెల హెచ్చు. ప్రాత పూత తీసి కొత్తది పూయించిన వెల తగ్గును. అందువలన రేడియం డయళ్ళు పారవేయబడక, చేతులు మారుచు తిరుగుచున్నవి. గాజు, పెట్టె చెడకుండ ఉన్నంతవరకు ఆల్ఫా కణములు బయటకు రావు. చేతికి తగులునది కొద్దిపాటి గామా కిరణమే. భయమంతయు రెండు చోట్ల ఉన్నది.

మొదటిది, పెట్టె తెరచినపుడు. పెళుసెక్కిన పూత పొడిగా రాలి గాలిలో కలియును. దానిని పీల్చినను, వ్రేళ్ళకంటి నోటికి పోయినను జరుగునది ఆరెంజి పట్టణపు యువతులకు జరిగిన దారియే. పరిమాణము తక్కువ కావచ్చును, దారి మారదు. కనుక డయలును గోకరాదు, ఊదరాదు, ఇంటి బల్లమీద విప్పరాదు. తగిన ఏర్పాట్లు గల పనివానికే అప్పగింపవలెను. ముందుగా అది రేడియం డయలని అతనికి చెప్పుట గడియారపు యజమాని విధి. చెప్పకుండ ఇచ్చిన, ప్రమాదము తెలియక మెలగునది ఆ పనివాడే.

రెండవది, రేడాను. రేడియం విచ్ఛిన్నమైనపుడు పుట్టు ఈ వాయువు గడియారపు సందులగుండ మెల్లగా బయటకు వచ్చును. దాని అర్ధజీవితము 3.8 దినములు. 2018 లో ఇంగ్లండున నార్తాంప్టన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 30 ప్రాత సైనిక గడియారములను పరీక్షించిరి. గాలి చొరని చిన్న గదిలో వాటివలన చేరిన రేడాను, ఆ దేశమున అనుమతించిన హద్దుకు 134 రెట్లు ఉండెను. ఆ గడియారములలో వెలుగు ఆరిపోయిన వెన్ని యున్నను లెక్కలో భేదము రాదు. రేడాను పుట్టునది రేడియంనుండి గాని వెలుగునుండి కాదు. ఇట్టి సేకరణలను నిద్రించు గదిలో ఉంచరాదు. ఉంచిన గదికి గాలి బాగుగ ఆడవలెను.

1955 లో పూసిన పూత రంగు మారినది, జిగురు రాలినది, వెలుగు పోయినది. దానిని పూసిన చేతులును నేడు ఇంచుమించు లేవు. మారనిది అందలి రేడియం ఒక్కటే. క్రీస్తుశకము 3500 సంవత్సరము దాటిన తరువాతకూడ అందు సగము ఆ డయలుమీదనే ఉండును. చీకటిలో వెలుగని గడియారమును చూచి, అది ఇక నిద్రించుచున్నదని తలచువారు ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను.